రెండు మందులు వాడినా తగ్గని డిప్రెషన్

"ఆరు నెలలుగా మాత్రలు వేసుకుంటూనే ఉంది డాక్టరుగారూ, ఏం లాభం లేదు." కూతుర్ని వెంటబెట్టుకొచ్చిన తల్లి ఈ మాట అంటుంటే పక్కన కూర్చున్న అమ్మాయి తలెత్తదు. తల్లికి అది మందు మీద ఫిర్యాదు. అమ్మాయికి మాత్రం తన మీద చెప్పిన తీర్పులా వినబడుతుంది: మందులకు కూడా లొంగని జబ్బు నాది, ఇక ఇంతే. అలా అనుకునేవాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

ఒక మందు పనిచేయనంత మాత్రాన అది మొండి డిప్రెషన్ అయిపోదు. సరైన డోసులో, ఆరు నుంచి ఎనిమిది వారాల చొప్పున, కనీసం రెండు మందులు వాడినా గుణం కనబడనప్పుడే వైద్యులు ఆ మాట వాడతారు. అంతకుముందు చూడాల్సినవి ఉన్నాయి. మాత్ర రోజూ వేసుకున్నారా, మత్తుగా ఉంటోందని మధ్యలో మానేశారా, మొదట రాసిన చిన్న డోసే ఇంకా నడుస్తోందా, థైరాయిడ్ పరీక్ష అయిందా, మద్యం అలవాటుందా. అన్నిటికన్నా ముఖ్యం: గతంలో నిద్ర అక్కర్లేనంత హుషారు, ఆగని మాటలు, విచ్చలవిడి ఖర్చుతో గడిచిన రోజులున్నాయా? ఉంటే అది బైపోలార్, అంటే అతి హుషారు, డిప్రెషన్ విడతలుగా వచ్చే జబ్బు కావచ్చు. దానికి వైద్యమే వేరు.

అమెరికాలో సుమారు 4,000 మంది డిప్రెషన్ రోగులతో చేసిన స్టార్‌-డి అధ్యయనం ఫలితాలు 2006లో వచ్చాయి. మొదటి మందుతో పూర్తిగా కోలుకున్నది మూడోవంతు మందే. మిగిలినవాళ్లకు మందు మార్చినా, మరొకటి కలిపినా వాళ్లలో 30 శాతం కోలుకున్నారు. మూడో, నాలుగో విడత వైద్యం దగ్గర అది 13, 14 శాతానికి పడిపోయింది. ఈ లెక్కలు కాస్త ఉదారంగా కట్టారని తర్వాత విమర్శలొచ్చాయి, వాటిలో పస ఉంది. అయినా నాకు అందులో కనబడేది ఒకటే: మొదటి మందు పనిచేయకపోవడం చాలామందికి జరిగేదే.

రెండు మందులూ అయ్యాక దారులు కొన్ని ఉన్నాయి. వాడుతున్న మందుకు తోడుగా తక్కువ డోసులో అరిపిప్రజోల్, క్వెటియాపిన్ లాంటివి ఇస్తారు. లిథియం కలుపుతారు. ఈ లిథియంది పెద్ద కథ. జపాన్ యుద్ధఖైదీగా మూడేళ్లకు పైగా చాంగీ శిబిరంలో గడిపిన ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్, 1949లో దీన్ని ఉన్మాద (మేనియా, అంటే అతి హుషారు) రోగులకిచ్చి ఫలితం చూశాడు. తర్వాతి దశాబ్దాల ట్రయల్స్ అన్నీ కలిపి చూస్తే, మూడ్ జబ్బులున్నవారిలో ఆత్మహత్యలు లిథియం వాడినవాళ్లలో తక్కువ. ఈమధ్య అమెరికా మాజీ సైనికులు 519 మందిపై చేసిన ట్రయల్‌లో మాత్రం తేడా కనబడలేదు. అయితే అందులో చాలామందికి రక్తంలో లిథియం తక్కువ స్థాయిలోనే ఉంది.

ఆ స్థాయే దీనికి ప్రాణం. రాత్రి మాత్ర వేసుకున్న 12 గంటలకు, పొద్దుటి మాత్ర వేసుకోకముందే రక్తం ఇవ్వాలి. మూత్రపిండాలు, థైరాయిడ్ కూడా అప్పుడప్పుడు చూపించుకోవాలి. మే నెల ఎండల్లో ఒళ్లంతా చెమటై కారినా, విరేచనాలైనా, బీపీ అని ఉప్పు ఒక్కసారిగా మానేసినా, ఒళ్లునొప్పులకు డైక్లోఫెనాక్ మింగినా లిథియం రక్తంలో పేరుకుంటుంది. చేతులు బాగా వణికి, నడక తూలి, వాంతులవుతుంటే తెల్లారేదాకా ఆగకూడదు, ఆసుపత్రికి వెళ్లాలి.

ఇక కెటమైన్. ఆపరేషన్ థియేటర్లో మత్తు కోసం దశాబ్దాలుగా వాడుతున్న మందే. 2000లో అమెరికాలోని యేల్ పరిశోధకులు కేవలం ఏడుగురితో చేసిన చిన్న అధ్యయనంలో డిప్రెషన్ మీద దాని ప్రభావం బయటపడింది. మామూలు మందులు వారాలు తీసుకుంటే, ఇది గంటల్లోనే పనిచేయడం మొదలుపెడుతుంది. చాలామందిలో చచ్చిపోవాలన్న ఆలోచన ఒక్క రోజులోనే తేలికవుతుంది. మెదడులో గ్లుటమేట్ అనే రసాయనం మోసే సంకేతాల మీద పనిచేసి నరకణాల మధ్య కొత్త లంకెలు పుట్టేలా చేస్తుందని జంతువులపై ప్రయోగాలు చెబుతున్నాయి.

సెలైన్‌తో పాటు 40 నిమిషాల పాటు, మత్తుకిచ్చే దానికన్నా బాగా తక్కువ మోతాదులో ఎక్కిస్తారు. ఆ సేపు ఒళ్లు తేలిపోతున్నట్టు, గదిలో మాటలు ఎక్కడో దూరంనుంచి వస్తున్నట్టు ఉంటుంది. బీపీ పెరగొచ్చు కాబట్టి పక్కన నర్సు ఉండాల్సిందే. ప్రభావం కొన్ని రోజుల్లో, మహా అయితే వారం రెండు వారాల్లో తగ్గిపోతుంది. మళ్లీ ఇవ్వాలి, ఈలోగా అసలు వైద్యం సాగాలి. దీని రూపాంతరమైన ఎస్కెటమైన్ ముక్కు స్ప్రేకి అమెరికాలో 2019లో అనుమతి వచ్చింది. అది ఆత్మహత్యను ఆపుతుందని రుజువు కాలేదని ఆ మందు సమాచార పత్రంలోనే రాసి ఉంటుంది. ఈ ముక్క ప్రకటనల్లో కనబడదు కాబట్టే ఇక్కడ చెబుతున్నాను.

తిండి మానేసి, చావు తప్ప మరో ధ్యాస లేనివారికి ఇప్పటికీ ఎక్కువగా పనిచేసేది ఇసిటి, అంటే మత్తిచ్చి మెదడుకు కొద్దిసేపు కరెంటు పంపే చికిత్స. సినిమాల్లో చూపించే కరెంటు షాకుకూ దీనికీ పోలిక లేదు. పూర్తి మత్తు, కండరాలు సడలే మందు ఇవ్వకుండా చేయడాన్ని మన 2017 మానసిక ఆరోగ్య చట్టం నిషేధించింది.

ఇరవై నాలుగేళ్ల లోపు వారిలో డిప్రెషన్ మందు మొదలుపెట్టిన, డోసు మార్చిన తొలి వారాల్లో చచ్చిపోవాలన్న ఆలోచనలు పెరిగే అవకాశముంది. అప్పుడు మందు సొంతంగా ఆపేయకుండా డాక్టరుకు వెంటనే చెప్పాలి. మాత్రల డబ్బా ఇంట్లో వేరొకరి దగ్గర ఉంచి ఏ పూటకాపూట ఇవ్వడం మంచిది. "నీకు చచ్చిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడిగితే లేని ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకండి. ఆ జవాబు డాక్టరు చెవిన పడితే రాసే మందు కూడా మారొచ్చు. అర్ధరాత్రి డాక్టరు దొరక్కపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్‌ 14416కు ఫోన్ చేయండి. తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు.