రొయ్యల గుంటకు చేరిన సెన్సర్ ఫ్లోరైడ్ బోరుకు ఎందుకు చేరలేదు?

నెల్లూరు తీరంలో రొయ్యలు సాగుచేసే రైతు తెల్లవారకముందే గట్టు మీద నిలబడి, గుంటలోకి దించిన మీటరు చూసి, డీఓ (నీటిలో కరిగిన ఆక్సిజన్) ఎంతకు పడిపోయిందో, నీటిలోకి గాలి కలిపే ఏరేటర్లు ఇంకెన్ని తిప్పాలో పనివాళ్లకు చెప్పగలుగుతున్నాడు. కనిగిరి, పొదిలి, దర్శి, ఉదయగిరి మెట్టల్లో మాత్రం, బోరు దగ్గర బిందె నింపుకుంటున్న మనిషికి ఆ నీటిలో ఈ రోజు ఫ్లోరైడ్ ఎంత ఉందో అక్కడికక్కడే అంకెలో చూపే మీటరు సాధారణంగా ఉండదు. కచ్చితమైన అంకె కావాలంటే నమూనా సీసాలో ప్రయోగశాలకు వెళ్లాలి, ఫలితం కాగితం మీద తిరిగి రావాలి. ఆక్సిజన్ సెన్సరూ ఫ్లోరైడ్ సెన్సరూ ఒకే పరిశోధనా రంగంలో, దాదాపు ఒకే కాలంలో పుట్టినవి. ఒకటి చెరువుగట్టు దాకా వచ్చి, రెండోది ప్రయోగశాల బల్ల దగ్గరే ఆగిపోవడానికి కారణాలు కొంత రసాయన శాస్త్రంలో, కొంత మన లెక్కల్లో ఉన్నాయి.

ఈ సమస్యను మన దేశంలో మొదట వైద్యపరంగా నమోదు చేసింది ఈ నేల మీదే. 1937లో హెచ్.ఇ. షార్ట్, ఆయన సహచరులు నాటి మద్రాసు రాజధానిలో, ముఖ్యంగా నెల్లూరు జిల్లాలో, తాగునీటి ఫ్లోరైడ్ వల్ల పళ్లు గారపట్టడమే కాక వెన్నెముక, కీళ్లు బిగుసుకుపోయి మనిషి వంగలేని స్థితికి చేరుతున్నాడని వైద్య పత్రికల్లో వివరించారు. దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతాలు అప్పటికి నెల్లూరు జిల్లాలోనివే. అవి 1970లో కొత్తగా ఏర్పడిన ఒంగోలు జిల్లాలో కలిశాయి, 1972లో ఆ జిల్లాకు ప్రకాశం పేరు వచ్చింది. జిల్లా పేరు మారినా బావిలో నీరు మారలేదు. గ్రానైటు జాతి రాళ్లలోని అపటైట్, బయొటైట్ వంటి ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ నీటిలోకి దిగుతుంది. నీటిలో కాల్షియం తక్కువై, సోడియం బైకార్బొనేట్ ఎక్కువై, క్షారగుణం పెరిగినచోట అది మరింతగా నిలిచిపోతుంది. వాన తక్కువ, ఎండ ఎక్కువ, బోరు లోతు ఎక్కువ అయిన మెట్టలో ఈ పరిస్థితులన్నీ కలిసివస్తాయి.

ఇక్కడ ఒక మాట ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ఎలక్ట్రానిక్స్ తొలినాళ్లలో వాక్యూమ్ ట్యూబుల్లో, కెపాసిటర్లలో కరెంటును అడ్డుకునే పలుచని పొరగా వాడిన అభ్రకంలో గూడూరు, సైదాపురం, రాపూరు గనులది పేరున్న సరుకు. ఆ పరిశ్రమకు ముడిసరుకు పంపిన నెల్లూరు జిల్లాకు, అదే పరిశ్రమ నుంచి తన నీటిని కొలిచే పరికరం ఊరి స్థాయిలో ఇంకా అందకపోవడం నాకు బాధ కలిగించే విషయం.

ఆక్సిజన్ సెన్సర్ కథ ఆస్పత్రిలో మొదలైంది. 1950లలో అమెరికా శాస్త్రవేత్త లీలాండ్ క్లార్క్, శస్త్రచికిత్స జరిగేటప్పుడు గుండె, ఊపిరితిత్తుల పని చేసే యంత్రాల మీద పనిచేస్తూ, రక్తంలో ఆక్సిజన్‌ను కొలవవలసి వచ్చింది. ఆక్సిజన్‌ను పసిగట్టే ప్లాటినం ఎలక్ట్రోడ్‌ను, అంటే ద్రవంలో విద్యుత్ సంకేతాన్ని అందుకునే కొనను, నేరుగా రక్తంలో ఉంచితే దాని మీద ప్రొటీన్లు పేరుకుని కొలత చెడిపోతుంది. ఆయన దాన్నీ, దానికి జతగా ఉండే రెండో ఎలక్ట్రోడ్‌నూ ఒక పాలిథీన్ పొర వెనుక ఉంచారు. ఆక్సిజన్ పొరను దాటి లోపలికి వస్తుంది, మిగతావి బయటే ఉండిపోతాయి. 1956లో ప్రచురించిన ఈ పద్ధతికి 1962లో క్లార్క్, లయన్స్ ఒక ఎంజైమును జోడించి గ్లూకోజును కొలిచే దారి చూపారు. నేడు మధుమేహ రోగి ఇంట్లో ఉండే చిన్న మీటరుకు మూలం అక్కడుంది. రక్తం కోసం చేసిన ఆ ఎలక్ట్రోడే మురుగునీటి శుద్ధికి, మందుల కంపెనీల ఫెర్మెంటర్లకు, చివరకు చేపల, రొయ్యల చెరువులకు చేరింది. తరవాత వచ్చిన కాంతి ఆధారిత సెన్సర్లు, ఆక్సిజన్ తగిలితే వెలుగు తగ్గే రంగుపదార్థాన్ని వాడి, పొర మార్చే, ద్రావణం నింపే శ్రమను చాలావరకు తొలగించాయి.

ఫ్లోరైడ్ విషయంలో కీలకమైన సంవత్సరం 1966. మార్టిన్ ఫ్రాంట్, జేమ్స్ రాస్ లాంథనం ఫ్లోరైడ్ స్ఫటికంతో ఎలక్ట్రోడ్ తయారుచేసి సైన్స్ పత్రికలో ప్రకటించారు. అందులో యూరోపియం అనే మూలకాన్ని కొద్దిగా కలపడం వల్ల స్ఫటికంలో ఖాళీ స్థానాలు ఏర్పడతాయి, ఆ ఖాళీల గుండా ఫ్లోరైడ్ అయాన్లు (విద్యుదావేశం ఉన్న కణాలు) మాత్రమే ఒకచోటి నుంచి ఇంకోచోటికి గెంతగలవు. ఇంత కచ్చితంగా ఒకే అయాన్‌ను గుర్తించే ఘనపదార్థాలు అరుదు. కనిపెట్టడం అనే అర్థంలో మన సమస్యకు సమాధానం ఆనాడే దొరికింది.

అయితే ఆ ఎలక్ట్రోడ్ ఇచ్చేది ఫ్లోరైడ్ మోతాదు కాదు, వోల్టేజి. 25 డిగ్రీల దగ్గర ఫ్లోరైడ్ పది రెట్లు మారితే వోల్టేజి సుమారు 59 మిల్లీవోల్టులు మారుతుంది. మన దేశ తాగునీటి ప్రమాణంలో లీటరుకు 1 మిల్లీగ్రాము ఆమోదయోగ్య పరిమితి, వేరే నీరు దొరకనప్పుడు 1.5 వరకు అనుమతి. ఈ రెండింటికీ మధ్య తేడా ఎలక్ట్రోడ్ మీద సుమారు 10 మిల్లీవోల్టులు మాత్రమే. ఒక్క మిల్లీవోల్టు అటూ ఇటూ అయితే ఫలితం 4 శాతం తప్పుతుంది, ఐదు మిల్లీవోల్టులు తప్పితే 1.3 ఉన్న నీరు దాదాపు 1.6గా కనబడుతుంది. ప్రయోగశాలలో తెలిసిన ద్రావణాలతో తరచూ సరిచూసుకుంటారు కాబట్టి ఇబ్బంది లేదు. వేసవిలో కొలిమిలా కాగే పంపుషెడ్డులో, నెలల తరబడి మనిషి చెయ్యి పడకుండా ఉండే పరికరానికి ఆ వెసులుబాటు లేదు. నీటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలకు చేరితే 59 కాస్తా 62 అవుతుంది, దాన్ని కూడా పరికరమే సవరించుకోవాలి.

రెండో చిక్కు ఇంతకంటే సున్నితమైనది. ఎలక్ట్రోడ్ విడిగా ఉన్న ఫ్లోరైడ్‌నే చూస్తుంది, అల్యూమినియంతోనో ఇనుముతోనో పెనవేసుకున్న దాన్ని చూడదు. అందుకే ప్రయోగశాలలో నమూనాకు ఒక బఫర్ ద్రావణం కలుపుతారు. అది క్షారగుణాన్ని తగ్గిస్తుంది, అయాన్ల బలాన్ని ఒకే స్థాయికి తెస్తుంది, లోహాలను తాను పట్టుకుని ఫ్లోరైడ్‌ను విడిపిస్తుంది. 1970లలో జాతీయ పర్యావరణ పరిశోధనా సంస్థ నీరి రూపొందించిన నల్లగొండ పద్ధతిలో ఫ్లోరైడ్ తొలగించడానికి వాడేది పటిక, అంటే అల్యూమినియం లవణమే. కాబట్టి అలా శుద్ధి చేసిన నీటిలో, బఫర్ కలపకుండా ఎలక్ట్రోడ్‌ను ముంచితే అసలు కంటే తక్కువ చూపి మనల్ని మభ్యపెట్టే ప్రమాదం ఉంది.

సూక్ష్మ ఎలక్ట్రానిక్స్ ఈ చిక్కును విప్పుతుందన్న ఆశ 1970లో పుట్టింది. నెదర్లాండ్స్‌లో పీట్ బెర్గ్‌వెల్డ్, నాడీకణాల దగ్గర అయాన్ల కదలికను కొలవడానికి, ట్రాన్సిస్టర్‌లో కరెంటును నియంత్రించే లోహపు గేటును తొలగించి ఆ స్థానంలో ద్రావణాన్నే ఉంచారు. ఐస్‌ఫెట్ అనే ఈ చిప్‌పై తగిన పొర వేస్తే వేర్వేరు అయాన్లను కొలవవచ్చు, లాంథనం ఫ్లోరైడ్ పొరతో ఫ్లోరైడ్‌నూ కొలవవచ్చు. చిప్ చిన్నదైంది, కానీ దానికి తోడుగా, పోల్చి చూడటానికి మారని వోల్టేజి ఇచ్చే రిఫరెన్స్ ఎలక్ట్రోడ్ అంత తేలిగ్గా చిన్నది కాలేదు. అందులోని లవణ ద్రావణం మెల్లగా కారిపోతుంది, చిప్ అంచుల్లోంచి తేమ లోపలికి చొరబడుతుంది, కొలత రోజురోజుకూ పక్కకు జరిగిపోతుంది. పరిశోధనా పత్రాల్లో వారం రోజులు చక్కగా పనిచేసిన సెన్సరు బోరు దగ్గర ఏడాది పనిచేయాలంటే మిగిలిన పని అంతా ఈ ప్యాకేజింగులోనే ఉంది. పేరు రాని పని కావడం వల్లనే దానికి శ్రద్ధ తగ్గిందని నా అభిప్రాయం.

డబ్బు కారణం కూడా దాచలేనిది. గుంటలో ఆక్సిజన్ పడిపోతే తెల్లారేసరికి రొయ్యలు చనిపోతాయి, నష్టం ఎంతో రైతుకు వెంటనే తెలుస్తుంది, మీటరు ఖరీదు దాని ముందు చిన్నది. ఫ్లోరైడ్ నష్టం పదిహేను, ఇరవై ఏళ్లకు ఒక కూలీ నడుములో తేలుతుంది, ఆ లెక్క ఏ కంపెనీ ఖాతాలోనూ పడదు. అలాంటి చోట మార్కెట్ కోసం ఎదురుచూడకూడదు, ప్రభుత్వమే కొనుగోలుదారుగా ముందుకు రావాలి. ఒకసారి అలాంటి అడుగు పడింది కూడా. 2008-09లో కేంద్రం ప్రారంభించిన ఫ్లోరోసిస్ నివారణ, నియంత్రణ కార్యక్రమానికి మొదట ఎంపికైన జిల్లాల్లో నెల్లూరు ఒకటి. నీటిలోనూ, రోగుల మూత్రంలోనూ ఫ్లోరైడ్‌ను కొలిచే అయాన్ మీటరు ఆ కార్యక్రమంలో భాగం. ఒకే ఎలక్ట్రోడ్ బోరునూ రోగినీ కలిపి చూపే అవకాశం అక్కడ ఏర్పడింది.

ఇప్పుడు ఊళ్లలో ఆర్‌వో ప్లాంట్లు వచ్చాయి, వాటి మీద వెలిగే టీడీఎస్ (నీటిలో కరిగిన మొత్తం లవణాలు) అంకెనే జనం భరోసాగా తీసుకుంటున్నారు. ఆ మీటరు కొలిచేది నీటి విద్యుద్వాహకత. వందల మిల్లీగ్రాముల లవణాల మధ్య ఒకటి, రెండు మిల్లీగ్రాముల ఫ్లోరైడ్‌ను అది విడిగా చూపలేదు. సెన్సరును మొదట పెట్టవలసిన చోటు కూడా ఇదేనని నేను అనుకుంటున్నాను. ఆర్‌వో పొర దాటిన నీటిలో ఇనుము, అల్యూమినియం దాదాపుగా ఉండవు, క్షారగుణం తగ్గి ఉంటుంది, బఫర్ అవసరం చాలావరకు తప్పుతుంది. లవణం మరీ తక్కువైన నీటిలో రిఫరెన్స్ ఎలక్ట్రోడ్ నిలకడ తప్పుతుంది కాబట్టి, ప్రతి ఉదయం తెలిసిన ద్రావణాన్ని తానే ఒక చుక్క పంపి సరిచూసుకునే ఏర్పాటు, ఆ ద్రావణపు సీసాను నెలకొకసారి మార్చే బాధ్యత ప్లాంటు నడిపేవారిలో ఒకరికి రాతపూర్వకంగా అప్పగించడం కావాలి.