యూరియాకు గుంజ కావాలి

"నానో యూరియా సీసా ఒకటి కొడితే కట్ట యూరియా వేసినట్టేనా?" 2025 వానాకాలంలో తెలంగాణ రైతులు యూరియా కోసం చెప్పులు, పాసుపుస్తకాలు వరుసలో పెట్టి పడిగాపులు కాసినప్పటి నుంచి నాకు ఎక్కువగా ఎదురైన ప్రశ్న ఇదే. జవాబుకు బడిలో నేర్చుకున్న గుణకారం చాలు.

45 కిలోల కట్టలో నత్రజని 46 శాతం, అంటే 20.7 కిలోలు. 2021లో ఎరువుల సహకార సంస్థ ఇఫ్కో తెచ్చిన అర లీటరు నానో యూరియా సీసాలో 4 శాతం, అంటే 20 గ్రాములు. వెయ్యి రెట్లకు పైగా తేడా! 2024లో ఆ శాతాన్ని 20కి పెంచారు, అయినా వంద గ్రాములే. నేలలో వేసిన యూరియాలో మూడింట రెండు వంతులు వృథా అవుతుందని, ఆకు మీద కొడితే వృథా ఉండదని అంటారు. సరే, సీసాలో ఒక్క చుక్క కూడా పోలేదనుకుందాం. కట్టలో అంత వృథా పోయాక కూడా పైరుకు దాదాపు 7 కిలోలు అందుతుంది. టన్ను వడ్లు పండాలంటే పైరు 15 నుంచి 20 కిలోల నత్రజని పీల్చుకోవాలి. వంద గ్రాములను 7 కిలోలు చేసే మంత్రం రసాయన శాస్త్రంలో లేదు. మన పిల్లలు "యూరియాలో 46 శాతం నత్రజని" అని పరీక్షల్లో చక్కగా రాస్తారు, కానీ ఆ అంకెను ఇంట్లో ఉన్న కట్టతో గుణించమని ఎవరూ చెప్పరు.

ఇంకో చిక్కు కూడా ఉంది. యూరియా నీళ్లలో ఇట్టే కరుగుతుంది. కరిగాక మిగిలేవి విడివిడి అణువులు, వాటి సైజు ఒక నానోమీటరు (మీటరులో వంద కోట్లవ వంతు) కూడా ఉండదు. మామూలు యూరియాను లీటరుకు 20 గ్రాముల చొప్పున కలిపి ఎప్పటి నుంచో ఆకుల మీద కొడుతూనే ఉన్నాం కదా, అదీ అణువులుగానే లోపలికి పోతుంది. మరి కొత్తగా వచ్చిన "నానో" ఏది? కోపెన్‌హాగన్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు ఈ ఉత్పత్తి వెనుక ఉన్న శాస్త్రాన్నే ప్రశ్నించారు. లూధియానాలోని పంజాబ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం ప్రయోగాల్లో, నేలలో వేసే నత్రజని తగ్గించి నానో యూరియా కొట్టిన వరి, గోధుమ మడుల్లో దిగుబడి పడిపోయింది.

అంతమాత్రాన నానోను పక్కన పడేయక్కర్లేదు. నానో కావాల్సింది యూరియా కాదు, దాన్ని పట్టి ఉంచే గుంజ.

మడిలో చల్లిన యూరియా కట్టు విప్పిన గొడ్ల మంద లాంటిది. కొంత అమ్మోనియాగా గాలిలోకి పోతుంది, కొంత నైట్రేట్‌గా మారి నీళ్లతో జారిపోతుంది, ఇంకొంత నైట్రస్ ఆక్సైడ్ అవుతుంది. ఆ వాయువు కార్బన్ డయాక్సైడ్ కంటే దాదాపు 270 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది. 2015 నుంచి తప్పనిసరి చేసిన వేపనూనె పూత నైట్రేట్‌గా మార్చే బాక్టీరియాను కాస్త నెమ్మదింపజేస్తుంది, అంతే. గొడ్లను మాత్రం కట్టెయ్యదు.

శ్రీలంకలోని స్లింటెక్ సంస్థ పరిశోధకులు 2017లో ప్రచురించిన పద్ధతి వాటిని కట్టేస్తుంది. వాళ్లు ఎంచుకున్న గుంజ హైడ్రాక్సీఅపటైట్, అంటే మన ఎముకల్లో, పళ్లలో ఉండే కాల్షియం ఫాస్ఫేట్ ఖనిజం. కాల్షియం హైడ్రాక్సైడ్, అంటే తడిపిన సున్నం, అందులో యూరియా, పైన ఫాస్ఫారిక్ ఆమ్లం. అన్నీ చౌక సరుకులే, ఒకే పాత్రలో యూరియా పట్టిన నానో సైజు ఖనిజ రేణువులు తయారైపోతాయి.

ఇప్పుడు గుంజలు లెక్కపెడదాం. అన్ని వైపులా ఒక సెంటీమీటరు ఉన్న ఘనానికి ఉపరితలం 6 చదరపు సెంటీమీటర్లు. లోపలి పదార్థానికి తాడు కట్టలేం, అదంతా దండగ. దాన్నే 10 నానోమీటర్ల ఘనాలుగా కోస్తే ఉపరితలం 600 చదరపు మీటర్లవుతుంది. ఆంధ్ర లెక్కలో 15 సెంట్లు, తెలంగాణ లెక్కలో 6 గుంటలు. బరువు మాత్రం అదే, 3 గ్రాముల పైచిలుకు! అంటే గ్రాముకు సుమారు 200 చదరపు మీటర్లు. ఒక యూరియా అణువు పావు చదరపు నానోమీటరు చోటు తీసుకుంటుందనుకుంటే, ఆ గ్రాము మీద ఒక వరుసలో కట్టగలిగేది 0.1 గ్రాము లోపే. శ్రీలంక వాళ్లు గ్రాము ఖనిజానికి 6 గ్రాముల యూరియా పట్టించారు. అంటే గుంజకు నేరుగా కట్టినవి కొన్నే. మిగతావి ఒకదాని మెడకు ఒకటి హైడ్రోజన్ బంధాలతో కట్టిన గొడ్లని నా అంచనా. కట్టు వదులుగా ఉండటానికి కారణం అదే కావచ్చు. నీళ్లలో మామూలు యూరియా 320 సెకన్లలో దాదాపు పూర్తిగా బయటపడితే, ఈ మిశ్రమానికి 3,820 సెకన్లు పట్టింది. పన్నెండు రెట్లు నెమ్మది. అయినా గంట చిల్లరే. పైరుకు కావాల్సింది నెలల తరబడి మేత.

పొలంలో మాత్రం సగం యూరియాతోనే వరి దిగుబడి తగ్గలేదని వాళ్లు చూపించారు. సగం వృథాను ఆపగలిగితే ఏ సీసా కంటే ఇదే మేలు.

ధర దగ్గరే అసలు టెన్షన్. సబ్సిడీ పోను కట్ట 266.50 రూపాయలకు దొరుకుతుంటే, ఏ గుంజ ఎరువైనా రైతు కంటికి ఖరీదుగానే కనిపిస్తుంది. కాల్షియానికి మాత్రం మనకు కొదవ లేదు. గుడ్ల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్ దేశంలో ముందుంది, గుడ్డు పెంకులో 90 శాతానికి పైగా కాల్షియం కార్బొనేటే. దాన్ని కాల్చితే సున్నం. ఖర్చంతా ఫాస్ఫేట్‌దే, దానికి మనం ఎక్కువగా దిగుమతుల మీదే ఆధారపడ్డాం. ఆ ఫాస్ఫేట్ పైరుకు భాస్వరంగా అందితేనే పెట్టిన డబ్బు గిట్టుబాటవుతుంది. కానీ హైడ్రాక్సీఅపటైట్ ఆమ్ల నేలల్లో కరిగినట్టు క్షార నేలల్లో కరగదు. మన నల్లరేగళ్లు చాలావరకు క్షార గుణం ఉన్నవే. అందుకే ఎర్ర చల్కలో, రేగడిలో విడివిడిగా మడులు కట్టి, యూరియా ఎంత ఆగింది, భాస్వరం ఎంత అందింది అని రెండూ కొలవాలి.