సముద్ర నాచు: అపోహలు - వాస్తవాలు

అపోహ: సముద్ర నాచు నీటిలో పెరిగే మొక్క, అది వేళ్లతో పోషకాలు తీసుకుంటుంది.

వాస్తవం: నాచును రాతికి పట్టి ఉంచే హోల్డ్‌ఫాస్ట్ చూపులకు వేళ్ల గుబురులా ఉంటుంది గానీ, అలల తాకిడికి కొట్టుకుపోకుండా నిలపడమే దాని పని. నత్రజని, భాస్వరం వంటి పోషకాలను నాచు తన ఉపరితలమంతటితో సముద్రపు నీటి నుంచే నేరుగా గ్రహిస్తుంది. అలాగని దాని నిర్మాణం మరీ సరళమనుకోవడమూ సరికాదు. పదుల మీటర్ల పొడవు పెరిగే కెల్ప్ అనే భారీ నాచులో, ఎండ తగిలే పైభాగంలో తయారైన చక్కెరలను నీడలో ఉన్న అడుగు భాగాలకు చేరవేసే ప్రత్యేక కణాల వరుసలు ఉంటాయి. కెల్ప్ వంటి గోధుమ నాచులు వంశపరంగా మొక్కలకన్నా డయాటమ్‌లనే ఏకకణ సూక్ష్మజీవులకే దగ్గరివి.

అపోహ: రంగు చూస్తే నాచు ఏ వర్గానిదో తెలిసిపోతుంది.

వాస్తవం: ఎర్ర నాచులోని ఫైకోఎరిత్రిన్ అనే ఎర్రటి వర్ణకం తీవ్రమైన ఎండలో క్షీణించినప్పుడు అదే నాచు పసుపుగానో, ఆకుపచ్చగానో కనిపిస్తుంది. గుర్తింపు పనిలో కొత్తవారిని నేను మొదట హెచ్చరించేది దీని గురించే.

అపోహ: నాచు ఎప్పుడూ ఒకే రూపంలో పెరుగుతుంది.

వాస్తవం: నోరి అనే ఎర్ర నాచు ఇందుకు చక్కటి సమాధానం. మనం తినే నోరి, ఒకటి రెండు కణాల మందం మాత్రమే ఉండే పలుచని రేకు. దాని జీవితచక్రంలోని మరో దశ, ఆల్చిప్పల పెంకులోకి తొలుచుకుని పెరిగే సూక్ష్మమైన పోగులు. కాంకోసెలిస్ అనే ఈ పోగులను చాలాకాలం వేరే జాతిగా లెక్కించారు. రెండూ ఒకే జీవి రూపాలని బ్రిటిష్ శాస్త్రవేత్త కాథ్లీన్ డ్రూ-బేకర్ 1949లో వెల్లడించారు. అంతవరకు జపాన్ రైతులు సముద్రంలో సహజంగా దొరికే సిద్ధబీజాలపైనే (విత్తనాల్లా కొత్త నాచుగా ఎదిగే సూక్ష్మ కణాలపైనే) ఆధారపడేవారు; ఆ తరువాత పెంకులలో పోగులను పెంచి, వాటి నుంచి వెలువడే సిద్ధబీజాలను వలలకు పట్టించే పద్ధతి వచ్చింది. మా రంగంలో మౌలిక పరిశోధన ఇంత నేరుగా రైతుకు అక్కరకొచ్చిన సందర్భం మరొకటి నాకు గుర్తుకు రాదు.

అపోహ: నాచు ఎంత తింటే అంత మంచిది.

వాస్తవం: పెద్దలకు రోజుకు సుమారు 150 మైక్రోగ్రాముల అయొడిన్ చాలు. కెల్ప్ సముద్రపు నీటిలో ఉన్నదానికన్నా వేల రెట్లు అధికంగా అయొడిన్‌ను పోగుచేసుకుంటుంది కనుక, ఎండు కెల్ప్ ఒక్క గ్రాములోనే ఈ మోతాదు దాటిపోవచ్చు. నోరిలో అయొడిన్ చాలా తక్కువ. థైరాయిడ్ సమస్య ఉన్నవారు కెల్ప్ మాత్రలు వాడే ముందు వైద్యుణ్ణి తప్పక సంప్రదించాలి.