రివర్స్ సెన్సర్లు: కిట్ ధర కంటే బిగింపే ముఖ్యం

2019 జూలై 1 నుంచి మన దేశంలో తయారయ్యే ప్రతి కొత్త కారుకూ, వెనక్కు పోనిచ్చేటప్పుడు అడ్డం ఏదైనా ఉంటే బజర్ మోగించే రివర్స్ పార్కింగ్ సెన్సర్లు తప్పనిసరి అయ్యాయి. డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్, సీటు బెల్టు హెచ్చరిక, వేగ హెచ్చరిక కూడా అదే రోజు నుంచి అమల్లోకి వచ్చాయి. అంతకుముందు కొన్న కార్లు ఇంకా బోలెడు రోడ్ల మీద ఉన్నాయి. వాటికి సెన్సర్లు కావాలంటే కారు డెకార్స్ షాపుకైనా వెళ్లాలి, కిట్ కొని సొంతంగానైనా బిగించుకోవాలి. ఏ కిట్ కొనాలి, ఎంత పెట్టాలి అన్న దగ్గరే అందరి మాటలూ ఆగిపోతుంటాయి. నా లెక్కలో అది చిన్న విషయం. మామూలు కిట్‌నైనా సరైన ఎత్తులో పెట్టి, సరైన వైరుకు కలిపితే ఏళ్ల తరబడి పనిచేస్తుంది. ఎంత ఖరీదైనదైనా పక్కకు తిప్పి బిగిస్తే ఖాళీ రోడ్డు మీద కూడా అరుస్తూనే ఉంటుంది.

బంపర్‌లో రూపాయి బిళ్లంత కనిపించే ఆ సెన్సర్ లోపల ఒక పీజో బిళ్ల ఉంటుంది. కొన్ని స్ఫటికాలను నొక్కితే కరెంటు పుడుతుందని 1880లో పియరీ క్యూరీ, ఆయన అన్న జాక్ క్యూరీ కనిపెట్టారు. కరెంటు ఇస్తే అవే స్ఫటికాలు కదులుతాయని మరుసటి ఏడాది తేల్చారు. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో పాల్ లాంజెవిన్ ఈ గుణాన్నే పట్టుకుని నీటి అడుగున జలాంతర్గాముల జాడ తీసే పరికరం మీద పనిచేశాడు. మన బంపర్‌లో ఉన్నది ఆ వంశంలోదే. బయట దొరికే కిట్లలో చాలావరకు సెకనుకు దాదాపు 40 వేల సార్లు కంపిస్తాయి. మన చెవి 20 వేలు దాటితే పట్టుకోలేదు కాబట్టి ఆ శబ్దం మనకు వినపడదు.

లెక్క సులువు. 20 డిగ్రీల వేడిలో గాలిలో శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. మీటరు దూరంలో గోడ ఉంటే శబ్దం వెళ్లి తిరిగి రావడానికి సెకనులో వెయ్యో వంతులు ఆరు కూడా పట్టవు. కంట్రోల్ బాక్స్ ఆ కాలాన్ని కొలిచి, దాన్ని దూరంగా మార్చి బజర్ మోగిస్తుంది. నాలుగు సెన్సర్లనూ ఒక్కసారే పలికించదు, ఒకదాని తర్వాత ఒకదానికి వంతు ఇస్తుంది. లేకపోతే ఒకరి ప్రతిధ్వని మరొకరికి వినపడి దూరాలన్నీ తారుమారవుతాయి.

శబ్ద వేగం ఎండతో పాటు పెరుగుతుంది. 45 డిగ్రీల రామగుండం ఎండలో అది సెకనుకు సుమారు 358 మీటర్లు ఉంటుంది. వేడిని పట్టించుకోని కిట్ అయితే మీటరు దూరాన్ని 96 సెంటీమీటర్లుగా చూపిస్తుంది. ఉన్నదానికంటే దగ్గరగా చూపడం మనకు మేలే. శీతాకాలం తెల్లవారుజామున లంబసింగిలో మాత్రం లెక్క తిరగబడి, రెండు మూడు సెంటీమీటర్లు ఎక్కువ చూపిస్తుంది. పార్కింగ్‌కు ఈ తేడా పెద్దది కాదు.

అసలు చిక్కు మరీ దగ్గరలో ఉంటుంది. పలికేదీ వినేదీ ఆ ఒక్క బిళ్లే. గుడి గంటను కొట్టి వదిలేసినా కాసేపు మోగుతున్నట్టే, కరెంటు ఆపినా ఈ బిళ్ల కాస్సేపు కంపిస్తూనే ఉంటుంది. ఆ కంపనం తగ్గేదాకా వచ్చే ప్రతిధ్వని దానికి వినపడదు. అది సెకనులో వెయ్యో వంతు పట్టినా, ఆ లోపు శబ్దం 17 సెంటీమీటర్ల దూరం వెళ్లి వచ్చేస్తుంది. చాలా కిట్లు 30 సెంటీమీటర్ల దగ్గరే ‘ఆగు’ అన్నట్టు ఏకధాటిగా మోగడం అందుకే. సెన్సర్ చుట్టూ ఉండే మెత్తని రబ్బరు రింగు పని కూడా ఇక్కడే తెలుస్తుంది. ఆ రింగు తీసేసి రంధ్రంలోకి బిగుతుగా కొడితే బంపర్ కూడా కలిసి కంపిస్తుంది, దాంతో ఆ గుడ్డి జాగా ఇంకా పెరుగుతుంది. రంగు కలవాలని సెన్సర్ ముఖం మీద మందంగా పెయింటు వేయించినా పలుకు, వినికిడి రెండూ మందగిస్తాయి.

ఇక ఎత్తు. నేల నుంచి 50, 60 సెంటీమీటర్ల మధ్య పెట్టడం మంచిది. సెన్సర్ నుంచి శబ్దం అడ్డంగా వెడల్పుగా, నిలువుగా సన్నగా వెళ్లేలా తయారుచేస్తారు. వెనక ఉన్న బాణం గుర్తు పైకి చూడాలన్నది అందుకే. దాన్ని పక్కకు తిప్పి బిగిస్తే వెడల్పాటి వైపు నేల మీద పడుతుంది, కంకర నుంచీ స్పీడ్ బ్రేకర్ నుంచీ వచ్చే ప్రతిధ్వనికి బజర్ ఊరికే మోగుతుంది. అలా రోజూ మోగే బజర్‌ను ఎవరైనా పట్టించుకోవడం మానేస్తారు, అది బజర్ లేకపోవడం కంటే ప్రమాదం.

సరిగ్గా బిగించినా ఒక మోసం మిగిలే ఉంటుంది. సెన్సర్ 55 సెంటీమీటర్ల ఎత్తులో ఉందనుకోండి, శబ్దం 30 డిగ్రీల కిందిదాకా పరుచుకుంటుందనుకోండి. 30 సెంటీమీటర్ల ఎత్తున్న రాయి మీటరు దూరంలో ఉంటే 14 డిగ్రీల కింద ఉంటుంది, వినపడుతుంది. అదే రాయికి 40 సెంటీమీటర్ల దగ్గరకు వచ్చేసరికి కోణం 32 డిగ్రీలవుతుంది, బజర్ ఆగిపోతుంది. దారి ఖాళీ అయిందనుకుని డ్రైవరు వెనక్కు పోనిస్తాడు. మోగుతూ ఉన్న బజర్ హఠాత్తుగా ఆగితే బండి ఆపి దిగి చూడాలి. మూతలేని మురుగు కాలువ సంగతి మరీ కష్టం, గుంట నుంచి ప్రతిధ్వని రాదు కదా. దండెం మీది దుప్పటి, పత్తి బోరం లాంటివి శబ్దాన్ని పీల్చేసుకుంటాయి. సన్నటి ఇనుప రాడ్డు నుంచి తిరిగొచ్చేది తక్కువ. కారు వెనక కూర్చుని ఆడుకునే పసిపిల్లల్ని సెన్సర్ మీద ఎప్పటికీ వదిలేయకూడదు.

రంధ్రం పెట్టేముందు బంపర్ వెనక చెయ్యి పెట్టి చూడాలి. ప్లాస్టిక్ వెనక ఇనుప బద్దీ ఉన్నచోట సెన్సర్ కూర్చోదు. టేపు అంటించి గుర్తు పెట్టుకుని, ముందు సన్నటి డ్రిల్‌తో, తర్వాత కిట్‌లో వచ్చిన గుండ్రటి కట్టర్‌తోనే కొట్టాలి. వైర్లను సైలెన్సర్‌కు దూరంగా నడపాలి, డిక్కీలోకి రబ్బరు గ్రోమెట్ (రంధ్రం అంచుకు తొడిగే రింగు) ద్వారానే తేవాలి.

కరెంటు రివర్స్ లైటు నుంచి తీసుకోవడమే పద్ధతి. రివర్స్ గేరు పడ్డప్పుడే ఆ లైటుకు కరెంటు వస్తుంది కాబట్టి వేరే స్విచ్ అక్కర్లేదు. కొన్ని కార్లలో రివర్స్ లైటు ఒకవైపే ఉంటుంది, బాక్సును ఆ వైపే పెడితే వైరు ఆదా. హ్యాండ్ బ్రేకు వేసి, ఇంజిన్ ఆపి, ఇగ్నిషన్ మాత్రం ఆన్ చేసి, రివర్స్ వేసి మల్టీమీటర్‌తో (వోల్టులు కొలిచే మీటరు) చూడాలి. రివర్స్‌లో సుమారు 12 వోల్టులు, న్యూట్రల్‌లో సున్నా చూపిన వైరే మనకు కావాల్సింది. ఎర్ర వైరు దానికి, నల్ల వైరు బాడీ ఎర్త్‌కు. ఎర్త్ ఇచ్చే బోల్టు చుట్టూ పెయింటు గీకి ఇనుము కనిపించాలి. వైర్లు కలిపేముందు బ్యాటరీ నెగటివ్ తీసేయాలి. పసుపు గొట్టంలో వెళ్లే ఎయిర్‌బ్యాగ్ వైర్ల జోలికి అసలు పోకూడదు.

వైరును కోసి లోపలికి గుచ్చుకునే క్లిప్పులు చాలా కిట్లలో వస్తాయి. పని క్షణాల్లో అయిపోతుంది కానీ, కాకినాడ, విశాఖ లాంటి చోట్ల ఉప్పు గాలికి ఆ రాగి త్వరగా పచ్చబడుతుంది. సోల్డర్ చేసి, వేడికి ముడుచుకునే గొట్టం తొడగడమే మేలు.

కొత్త రకం కార్లలో రివర్స్ లైటును కంప్యూటర్ నడుపుతుంది. బల్బుకు కరెంటును ఏకధాటిగా ఇవ్వడానికి బదులు సెకనుకు ఎన్నోసార్లు ఆన్, ఆఫ్ చేస్తూ ఉండొచ్చు. మన కంటికి లైటు నిలకడగానే వెలుగుతుంది, సెన్సర్ బాక్సు మాత్రం ఆ తెగిపోయే కరెంటుకు పదే పదే ఆగి మొదలవుతుంది. సెన్సర్లు పాడయ్యాయనుకుని మార్చేసేవాళ్లు చాలామంది, నిజానికి కావాల్సింది కెపాసిటర్ (కరెంటును కాస్సేపు నిలవ ఉంచేది) ఉన్న చిన్న ఫిల్టర్ మాత్రమే.

బంపర్ తిరిగి ఎక్కించేముందే పరీక్షించుకుంటే మంచిది. ఇంజిన్ ఆపి, ఇగ్నిషన్ ఆన్ చేసి, రివర్స్ వేసి, ఒకరు ఒక్కో సెన్సర్‌కు ఎదురుగా అట్టపెట్టె పట్టుకుని మెల్లగా దగ్గరకు రావాలి, మరొకరు లోపల కూర్చుని డిస్‌ప్లే చూడాలి. ఎడమవైపు పెట్టె పెడితే కుడివైపు వెలిగిందంటే ప్లగ్గులు తారుమారయ్యాయని అర్థం. ఏకధాటి మోత ఎక్కడ మొదలవుతుందో టేపుతో కొలిచి కారులో రాసి పెట్టుకోండి. ఆ అంకె మీ కారుదే, కిట్ డబ్బా మీదది కాదు.