పది స్టాపుల చీకట్లో ఫోకస్

మైపాడు సముద్రం ఫొటోల్లో కొన్ని చూసే ఉంటారు: అలలన్నీ కరిగి పొగమంచులా పరుచుకుని ఉంటాయి, మధ్యలో లంగరేసిన పడవ మాత్రం చెక్కినట్టు కనిపిస్తుంది. షట్టర్‌ని అర నిమిషం తెరిచి ఉంచితే వచ్చే బొమ్మ అది. వెలుతురులో అంతసేపు తెరిస్తే ఫొటో తెల్లగా మాడిపోతుంది కాబట్టి, లెన్సు ముందు నల్లటి అద్దం ఒకటి బిగిస్తారు. అదే ఎన్‌డీ ఫిల్టర్. రంగుల జోలికి పోకుండా వెలుతురుని మాత్రమే తగ్గించడం దాని పని.

వీటిలో బాగా ముదురు రకం పది స్టాపులది. ఒక్కో స్టాపుకీ వెలుతురు సగమవుతుంది. సగంలో సగం, అందులో మళ్లీ సగం, ఇలా పదిసార్లు తగ్గిస్తే 1,024 వంతుల్లో ఒక వంతు మిగులుతుంది. షాపులో ఎన్‌డీ 1000 అని అడిగితే ఇదే ఇస్తారు. సెకనులో 30వ వంతు చాలిన చోట దీంతో 34 సెకన్లు కావాలి.

నేను దీన్ని మొదటిసారి వాడింది సంక్రాంతి సెలవుల్లో. ఆ రోజుల్లో ఇక్కడ ఆరున్నర దాటితే గానీ సూర్యుడు పైకి రాడు. ఆరింటికే ఇసుకలో ట్రైపాడ్ పాతి, ఫిల్టర్ బిగించి, ఫోకస్ కోసం బటన్ సగం నొక్కాను. లెన్సు ముందుకీ వెనక్కీ తిరిగింది, మళ్లీ తిరిగింది, చివరికి ఎక్కడో ఆగింది. ఫోకస్ కుదిరిందనే అనుకున్నాను. ఇంటికొచ్చి కంప్యూటర్లో చూస్తే పడవ మీద రాసిన పేరు కూడా చదవడానికి రాలేదు, అన్నీ మసకే. విచిత్రం ఏమిటంటే, అదే రోజు పది గంటల ఎండలో అదే ఫిల్టర్‌తో ఆటోఫోకస్ టక్కున పట్టేసింది.

ఈ తేడా అర్థం కావాలంటే వెలుతురుని లెక్కగట్టాలి. ఫొటోగ్రఫీలో దానికి ఈవీ అనే కొలత ఉంది. ఒక ఈవీ పెరిగితే వెలుతురు రెట్టింపు, తగ్గితే సగం. నిండు ఎండ సుమారు 15. అందులోంచి పది స్టాపులు తీసేస్తే 5, అంటే రాత్రిపూట ట్యూబ్‌లైటు వేసిన హాల్లో ఉండేంత వెలుతురు. ఏ కెమెరాకైనా అది చాలు. తెల్లవారుజామున ఒడ్డున ఉండేదే 5 అనుకుందాం. పది పోతే మైనస్ 5. లోపల అద్దం ఉండే డీఎస్ఎల్ఆర్ కెమెరాల్లో మంచివాటిలో చాలావాటికి కూడా ఫోకస్ పట్టే మధ్య పాయింటు మైనస్ 3 దాకా పనిచేస్తుందని కంపెనీలు రాస్తాయి. ఆ అద్దం లేని కొత్త మిర్రర్‌లెస్‌లలో కొన్నిటికి మైనస్ 6 అని ఉంటుంది గానీ, ఆ అంకె పెద్ద అపర్చర్, అంటే వెలుతురు వచ్చే రంధ్రం పెద్దగా ఉన్న లెన్సుతో కొలిచింది. మామూలు జూమ్ లెన్సుతో అంత ఆశించకూడదు.

మరి ఫోకస్‌కి చాలని వెలుతురు ఫొటోకి ఎలా చాలుతోంది? నాకు ఈ విషయంలో అన్నిటికంటే నచ్చేది ఈ ప్రశ్నే.

కాంతి ధారగా రాదు, చినుకుల్లా వస్తుంది. ఆ చినుకులే ఫోటాన్లు. సన్న తుంపర పడుతున్నప్పుడు డాబా మీద రెండు గిన్నెలు పక్కపక్కన పెట్టి, ఒక్క క్షణం ఆగి తీసేయండి. ఒకదాంట్లో మూడు చుక్కలు, రెండోదాంట్లో ఒకటి ఉండొచ్చు. అంతమాత్రాన మొదటి గిన్నె దగ్గర వాన ఎక్కువని చెప్పలేం. అవే గిన్నెలు కార్తీకమాసపు వాయుగుండంలో రాత్రంతా ఉంచితే, తెల్లారేసరికి రెండింట్లోనూ నీళ్లు సమానం. కెమెరాలో వెలుతురుని పట్టే సెన్సార్‌లో పిక్సెళ్లు ఇలాంటి గిన్నెలే. సగటున 10,000 ఫోటాన్లు పడే పిక్సెల్‌లో సహజంగా వచ్చే హెచ్చుతగ్గు దాని వర్గమూలం, అంటే 100. నూటికి ఒకటి. ఫిల్టర్ పెట్టాక పదే పడితే హెచ్చుతగ్గు మూడు. నూటికి ముప్పై!

ఆటోఫోకస్ వెతికేది అంచుల్ని. పడవ అంచుకీ వెనక ఆకాశానికీ మధ్య తేడా ఎక్కడ బాగా తెలిస్తే లెన్సుని అక్కడ ఆపుతుంది. ఇంకో పద్ధతిలో లెన్సు ఎడమ వైపు నుంచి, కుడి వైపు నుంచి వచ్చిన బొమ్మల్ని పోల్చి, అవి కలిసేలా జరుపుతుంది. ఏ పద్ధతైనా వెలుతురు తేడానే ఆధారం. ఆ తేడా నూటికి ఇరవై ఉండి, హెచ్చుతగ్గు నూటికి ముప్పై ఉంటే ఏది అంచో, ఏది చినుకుల ఆటో కెమెరాకి తెలియదు. ఫొటో అర నిమిషం ఓపిగ్గా గిన్నె నింపుకుంటుంది. ఫోకస్ మాత్రం రెప్పపాటులో తేల్చేయాలి. దానికి వేచి ఉండే వీలు లేదు.

మన కన్నూ ఇక్కడ సాయం చేయదు. డీఎస్ఎల్ఆర్‌కి కన్ను ఆనించి చూసే వ్యూఫైండర్‌లోంచి చూస్తూ రింగు తిప్పుదామంటే కనిపించేది నలుపు. చూపు నిలిపే చోట, రెటీనా నడిమధ్యన, పగటి చూపుకి పనికొచ్చే కోన్ కణాలే ఉంటాయి. చీకటికి పనికొచ్చే రాడ్ కణాలు అక్కడ లేవు. ఈసారి కొత్తపట్నం బీచ్‌కి వెళ్లినప్పుడు రాత్రి దీపాలకి దూరంగా నిలబడి, ఆకాశంలో బాగా మసకగా ఉన్న చుక్కని సూటిగా చూడండి. మాయమవుతుంది. కాస్త పక్కకి చూస్తే మళ్లీ కనిపిస్తుంది. ఇంకో మాట, ఈ ఫిల్టర్ ఉంది కదా అని వ్యూఫైండర్‌లోంచి సూర్యుణ్ణి చూడకండి. కంటికి కనిపించని పరారుణ కిరణాలు చాలా ఫిల్టర్లలోంచి దూసుకొస్తాయి, కన్ను పోతుంది.

కాబట్టి ఫిల్టర్ లేకుండానే ఫోకస్ చేసుకోవాలి. అలల మీద కాదు, కదలని దాని మీద: ఒడ్డుకి లాగిన పడవో, సరుగుడు తోపు అంచో. లైవ్ వ్యూలో, అంటే కెమెరా వెనక తెర మీద, పదిరెట్లు పెద్దది చేసి చూసుకోవాలి. తర్వాత లెన్సు పక్కన స్విచ్‌ని మాన్యువల్‌కి మార్చాలి. ఇది మర్చిపోతే బటన్ నొక్కగానే కెమెరా మళ్లీ వెతుకులాట మొదలుపెడుతుంది. ఆ తర్వాతే ఫిల్టర్.

ఫిల్టర్ పెడితే ఫోకస్ జరగదా అని నన్ను చాలామంది అడుగుతారు. సందేహం సరైనదే. బిందె అడుగున పడ్డ నాణెం పైకి తేలినట్టు కనిపిస్తుంది కదా, గాజూ అదే చేస్తుంది. రెండు మిల్లీమీటర్ల గాజు, వస్తువు దాని మందంలో మూడో వంతు, అంటే సుమారు 0.7 మిల్లీమీటర్లు దగ్గరకి వచ్చినట్టు చూపిస్తుంది. వంద మీటర్ల దూరంలోని పడవకి అదొక లెక్కా! కానీ ముందు గాజు ఉబ్బెత్తుగా ఉండే కొన్ని వైడ్ లెన్సులకి ఫిల్టర్‌ని వెనక, సెన్సార్ వైపు పెడతారు. అక్కడ మిల్లీమీటర్‌లో వందో వంతు కూడా ఫోకస్‌ని చెడగొడుతుంది. వాటికి మాత్రం ఫిల్టర్ ఉంచే ఫోకస్ చేయాలి.

ఫిల్టర్ ఉండగానే మళ్లీ ఫోకస్ చేయాల్సి వస్తే అపర్చర్‌ని పూర్తిగా తెరవండి. ఎఫ్ అంకె తగ్గేకొద్దీ ఆ రంధ్రం పెద్దదవుతుంది. ఎఫ్ 16 నుంచి ఎఫ్ 2.8కి వస్తే ఐదు స్టాపులు, 32 రెట్లు వెలుతురు తిరిగొస్తుంది. బాగా చీకటైతే దూరం అంకెలున్న లెన్సు మేలు. పెద్ద సెన్సార్ ఉండే ఫుల్‌ఫ్రేమ్ కెమెరా మీద 24 మిల్లీమీటర్ల లెన్సుని ఎఫ్ 11లో పెట్టి, 1.8 మీటర్ల దగ్గర ఆపితే, మీటరు లోపు నుంచి ఆకాశం అంచు దాకా దాదాపు అంతా స్పష్టంగా వస్తుంది. అనంతం గుర్తు ఉంది కదా అని రింగుని చివరిదాకా తిప్పేయకండి. చాలా లెన్సులు ఆ గుర్తు దాటి కూడా కాస్త తిరుగుతాయి.

ఇవన్నీ తెలిసాక కూడా రెండోసారి నా ఫొటోలు చెడ్డాయి. ఉప్పుగాలికి తేమెక్కిన ఫిల్టర్ మర, అందులో రెండు ఇసుక రేణువులు. ఫిల్టర్ బిగిస్తుంటే కరకరమంటూ పట్టేసింది. గట్టిగా తిప్పేసరికి దాంతోపాటు ఫోకస్ రింగు కూడా వెంట్రుకవాసి కదిలింది. అప్పట్నుంచి రింగు మీద ఎలక్ట్రీషియన్ల నల్లటేపు ముక్క అంటిస్తున్నాను. అయస్కాంతంతో అతుక్కునే ఫిల్టర్లకి ఈ బాధ ఉండదు.

మూడోసారీ మసక వచ్చింది గానీ, అది ఫోకస్ తప్పు కాదు. ఫోకస్ తప్పితే దీపం గుండ్రంగా ఉబ్బుతుంది. ఆ ఫొటోలో ఒడ్డున ఉన్న వీధిదీపం నిలువుగా సన్నటి గీతలా సాగింది. ఆ 30 సెకన్లలో అల వెనక్కిపోతూ ట్రైపాడ్ కాళ్ల కింద ఇసుకని లాక్కెళ్లింది.