ముదురు బ్రౌన్ గోడలు: అపోహలు - వాస్తవాలు

షేడ్ కార్డులో ముదురు బ్రౌన్ మీద వేలు పెట్టగానే ఇంట్లో ఎవరో ఒకరు వద్దంటారు. హైదరాబాద్‌లో ఇళ్లకు రంగుల పని చేయిస్తుంటాను కాబట్టి ఈ భయాలన్నీ నాకు పాత పరిచయమే.

అపోహ: గది చీకటైపోతుంది.

ఇందులో సగం నిజం ఉంది. తెల్ల గోడ తన మీద పడ్డ వెలుతురులో నూటికి 80 పాళ్లు తిరిగి గదిలోకి పంపిస్తుంది. కాఫీ గింజ రంగు గోడ పదో వంతు పంపడమే ఎక్కువ. నాలుగు గోడలకూ అదే వేసి ఒక్క ట్యూబ్‌లైట్‌తో సరిపెడితే గది గుహలాగే ఉంటుంది.

మిగతా సగం వెలుతురులో ఉంది. బ్రౌన్ అంటే వెలుగు తగ్గిన నారింజ రంగే. పక్కన తనకంటే తేటైనది ఉంటేనే మన కన్ను దాన్ని బ్రౌన్ అనుకుంటుంది. అందుకే సీలింగ్ క్రీమ్ రంగులో ఉంచమంటాను. లైటు కూడా వెచ్చగా ఉండాలి.

మల్కాజిగిరిలో ఒక ఇంట్లో సోఫా వెనక గోడకు ఈ రంగు వేశాం. సాయంత్రం లైటు వేయగానే ఇంటి పెద్దావిడ "ఇదేంది బిడ్డా, గోడకు బురద మెత్తినట్టున్నది" అన్నారు. నిజంగానే అట్లా ఉంది. పైన ఉన్నది 6500 కెల్విన్ ట్యూబ్‌లైట్. కెల్విన్ అంటే వెలుగు ఛాయను చెప్పే కొలత, అంకె తగ్గేకొద్దీ వెలుగు వెచ్చగా పసుపు వైపు వస్తుంది. ఆ వెలుగులో నీలం పాలు ఎక్కువ, బ్రౌన్‌లోని ఎరుపు, పసుపు చప్పబడిపోతాయి. మర్నాడు గోడ మీదికి వెలుగు జారేలా 3000 కెల్విన్ లైట్లు రెండు పెట్టించాను. అదే గోడకు కొత్త చింతపండులో ఉండే ఎర్రటి ఛాయ వచ్చింది. పెద్దావిడ ఏమీ అనలేదు, కుర్చీ తెచ్చుకుని ఆ గోడ పక్కన కూర్చున్నారు. ఇప్పుడు నేను ముందు బల్బు డబ్బా మీది కెల్విన్ అంకె అడిగి, తర్వాతే షేడ్ కార్డు తెరుస్తాను.

అపోహ: కార్డులో నచ్చితే గోడ మీదా నచ్చుతుంది.

కార్డులో ముక్క అగ్గిపెట్టెంత ఉంటుంది. రెండడుగుల అట్టకు రెండుసార్లు రంగు వేసి పూర్తిగా ఆరనివ్వండి. తడిగా ఉన్నప్పుడు ఎమల్షన్ పాలు కలిపినట్టు తేటగా ఉండి, ఆరాక ముదురుతుంది. ఆ అట్టను టేకు దర్వాజ పక్కన పెట్టండి. కిచెన్‌లో కరీంనగర్ టాన్ బ్రౌన్ గ్రానైట్ ఉంటే దాని పక్కనా పెట్టండి. పొద్దున ఒకసారి, సాయంత్రం 4 గంటలకు ఒకసారి, రాత్రి లైట్ల కింద ఒకసారి చూడండి. అట్టా, దర్వాజా ఒకే ఛాయలో ఉంటే దర్వాజ గోడలో కలిసిపోతుంది. అంత ఖర్చు పెట్టి చేయించుకున్న టేకు కనబడకుండా పోతే నాకే ప్రాణం ఉసూరుమంటుంది.

అపోహ: ముదురు రంగుతో ఎండాకాలం ఇల్లు వేడెక్కుతుంది.

స్లాబ్ పైభాగానికీ బయటి గోడలకూ ఇది నిజం. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది పైకప్పు మీది ఎండను తిప్పికొట్టడానికే. ఎండ నేరుగా పడని లోపలి గోడ రంగుతో చెప్పుకోదగ్గ తేడా ఉండదు.

అపోహ: ముదురు రంగు గోడ లోపాలను కప్పేస్తుంది.

మెరుపున్న ఫినిష్ వేస్తే లప్పం (పుట్టీ)లోని ప్రతి ఎత్తుపల్లం బయటపడుతుంది. చెమ్మ ఉన్న గోడకు వానల్లో ఉప్పు తేలితే తెల్ల మచ్చలు దూరం నుంచే కనిపిస్తాయి. ముందు చెమ్మ సంగతి తేల్చుకుని, గోడ ఆరాకే లప్పం పెట్టించండి. ముదురు షేడ్లు కలిపే బేస్‌లో, అంటే షేడ్ కలపకముందు డబ్బాలో ఉండే పెయింట్‌లో, తెల్ల పిగ్మెంట్ తక్కువ, కాబట్టి కింది రంగు తొందరగా మూతపడదు. ప్రైమర్‌లో కొంచెం రంగు కలిపించి, మూడో కోటుకు కూడా లెక్క వేసుకోండి.

ఇక ముదురు రంగులో మ్యాట్ (మెరుపు లేని) ఫినిష్ వేసినా టచప్ దాగదు. స్విచ్‌బోర్డు దగ్గర అరచేతంత చోట బ్రష్ ఆడించినా మచ్చలా తేలుతుంది. ఆ గోడను ఈ మూల నుంచి ఆ మూల దాకా రోలర్‌తో మళ్లీ వేయాల్సిందే. అందుకే పని అయ్యాక మిగిలిన రంగును చిన్న డబ్బాలో గట్టిగా మూతపెట్టి, మూత మీద షేడ్ కోడ్, తేదీ రాసి ఇంటివాళ్లకు ఇస్తాను.