పదమూడు నెలలు, మూడు విమానాలు: రెండింజన్లు సముద్రం దాటిన కథ

అహ్మదాబాద్ దుర్ఘటన తర్వాత ఒక పాత ప్రశ్న కొత్త బెదురుతో తిరిగొచ్చింది. పదిహేను, పదహారు గంటలు ఆగకుండా ఎగిరే విమానానికి రెండే ఇంజన్లా? ఒకప్పుడు జంబోలకు నాలుగుండేవి కదా, డబ్బు మిగుల్చుకోవడానికే తగ్గించారా? పిల్లలు డాలస్‌లోనో షికాగోలోనో ఉన్న తెలుగు ఇళ్లలో ఇది ఊసుపోక అడిగే ప్రశ్న కాదు. అమ్మానాన్నలను ఆ విమానం ఎక్కించి పంపేవాళ్లు అడుగుతున్న ప్రశ్న. 'ఇప్పటి ఇంజన్లు మంచివి, భయపడకండి' అని ఒక్క ముక్కలో తేల్చేస్తే వాళ్ల భయాన్ని తక్కువ చేసినట్టవుతుంది.

ముందుగా ఒక విషయం విడిగా చెప్పుకోవాలి. 2025 జూన్ 12న కూలిన బోయింగ్ 787 సముద్రం మీద లేదు, రన్‌వే దాటి ఊరి మీదికి లేస్తోంది. విమానంలోనూ నేల మీదా కలిపి 260 మంది ప్రాణాలు కోల్పోయారు. గాలిలోకి లేచిన కొద్ది సెకన్లకే రెండు ఇంజన్లకూ ఇంధనం అందించే స్విచ్‌లు సెకను తేడాతో ఒకదాని తర్వాత ఒకటి 'రన్' నుంచి 'కటాఫ్'కు మారాయని ప్రాథమిక నివేదిక చెప్పింది. ఎందుకు మారాయో, ఎలా మారాయో అందులో లేదు. ఆ ఘటనకూ సుదూర ప్రయాణాల నిబంధనలకూ నేరుగా సంబంధం లేదు. కానీ రెండు ఇంజన్లూ ఒకే కారణంతో ఒకేసారి మూగబోవడం అనేది ఈ చర్చకు గుండెకాయ లాంటిది. అది అర్థం కావాలంటే 1980ల మొదటికి వెళ్లాలి.

అంతకు ముందు చరిత్ర క్లుప్తంగా చాలు. పిస్టన్ ఇంజన్లు తరచూ మొరాయించే రోజుల్లో, 1953లో అమెరికా ఒక గీత గీసింది. ఒక ఇంజన్ ఆగితే మిగిలిన దానితో 60 నిమిషాల్లో ఏదో ఒక విమానాశ్రయం చేరగలిగే దారిలోనే రెండింజన్ల విమానం ఎగరాలి. జెట్లు వచ్చాక, 1964లో మూడింజన్ల విమానాలకు ఆ గీత చెరిపేశారు. నాలుగింజన్ల వాటికి అది మొదటి నుంచీ వర్తించదు. అమెరికా బయట గీత కాస్త సడలింది. అంతర్జాతీయ సంస్థ ఐకావో 90 నిమిషాలు అనుమతించడంతో ఎయిర్‌బస్ ఏ300 రెండే ఇంజన్లతో 1970ల్లోనే బంగాళాఖాతం దాటింది. అట్లాంటిక్ నడిబొడ్డు మాత్రం ఎక్కువ ఇంజన్ల వారికే మిగిలింది.

ఆ గీత వెనక ఉన్న లెక్క సులువైనది, అందుకే అందరికీ నచ్చింది. ఒక ఇంజన్ ఆగే అవకాశం ఇంత అనుకుంటే రెండూ ఆగే అవకాశం దాన్ని దానితోనే గుణిస్తే వచ్చేంత, నాలుగూ ఆగే అవకాశం ఇంకా ఎన్నో రెట్లు చిన్నది. ఇంజన్లు పెరిగేకొద్దీ భద్రత గుణకారంలో పెరుగుతుంది. తప్పేముంది?

తప్పు ఎక్కడుందో పదమూడు నెలల వ్యవధిలో మూడు విమానాలు చూపించాయి.

1982 జూన్ 24 రాత్రి కౌలాలంపూర్ నుంచి పెర్త్ వెళ్తున్న బ్రిటిష్ ఎయిర్‌వేస్ 747 ఇండోనేషియాలోని గలుంగుంగ్ అగ్నిపర్వతం విసిరిన బూడిద మేఘంలోకి వెళ్లింది. నాలుగు ఇంజన్లూ ఒకదాని వెంట ఒకటి ఆగిపోయాయి. జంబో జెట్ గ్లైడర్‌లా కిందికి జారింది. బూడిద దాటాక ఇంజన్లు మళ్లీ రాజుకున్నాయి, విమానం జకార్తాలో దిగింది.

1983 మే 5న మయామీ నుంచి బహమాస్‌లోని నసావుకు బయలుదేరిన ఈస్టర్న్ ఎయిర్‌లైన్స్ ఎల్-1011కు మూడు ఇంజన్లు, 172 మంది మనుషులు. మధ్య ఇంజన్‌లో ఆయిల్ ఒత్తిడి పడిపోవడంతో దాన్ని ఆపేసి వెనక్కి తిరిగారు. దారిలో మిగిలిన రెండూ ఆగిపోయాయి. విమానం సముద్రం వైపు జారుతుండగా మొదట తామే ఆపిన ఇంజన్‌ను మళ్లీ వెలిగించి, ఆ ఒక్కదానితో మయామీ చేరారు. దర్యాప్తులో తేలిన కారణం చదివితే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. ఆయిల్‌లో లోహపు రజను పడుతోందేమో చూడడానికి ప్రతి ఇంజన్‌కూ ఒక చిన్న పరికరం ఉంటుంది. అంతకు ముందు రాత్రి మూడింటికీ దాన్ని మార్చారు. ఆయిల్ కారకుండా దాని చుట్టూ రబ్బరు రింగులు ఉండాలి. రోజూ అందే పరికరాలు రింగులు తొడిగే వచ్చేవి. ఆ రాత్రి మాత్రం స్టోరు నుంచి తెచ్చిన వాటికి రింగులు లేవు. అలవాటైన చేతులు చూడకుండానే మూడు ఇంజన్లకూ బిగించేశాయి.

ఆ తర్వాత పదకొండు వారాలకు, జూలై 23న, ఎయిర్ కెనడా 767 వంతు వచ్చింది. పౌండ్లకూ కిలోలకూ మధ్య లెక్క తప్పి, చాలినంత ఇంధనం లేకుండా ఎగిరింది. 41,000 అడుగుల ఎత్తున రెండు ఇంజన్లూ ఆగిపోతే, పైలట్లు దాన్ని గిమ్లీ అనే ఊళ్లో ఒకప్పటి వైమానిక స్థావరం మీదికి జార్చుకుంటూ తెచ్చి దించారు.

నాలుగు ఇంజన్లు, మూడు, రెండు. మూడు సందర్భాల్లోనూ అన్నీ ఆగాయి. ఎవరూ చనిపోకపోవడం అదృష్టమే. ఒక్కదాంట్లోనైనా ఇంజన్ తనంతట తాను చెడిపోలేదు. ఒకచోట బూడిద, ఒకచోట రబ్బరు రింగు, ఒకచోట లెక్కల పొరపాటు. ఒక ఇంజన్‌కు వచ్చిన కష్టం పక్క ఇంజన్‌కు చేరకుండా ఉంటేనే ఆ పాత గుణకారం నిలుస్తుంది. ఒకే చెయ్యి, ఒకే రాత్రి, ఒకే తప్పు మూడు ఇంజన్లకూ చేసినప్పుడు మూడున్నా ఒకటున్నట్టే. భద్రత ఎక్కువని 60 నిమిషాల గీత నుంచి మినహాయించిన మూడింజన్ల విమానానికే ఈ పాఠం తగలడం నా దృష్టిలో ఈ కథకంతటికీ మలుపు.

సరిగ్గా అదే కాలంలో బోయింగ్ తన 767 కోసం అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ తలుపు తడుతోంది. బోయింగ్ తరఫున డిక్ టేలర్ అడిగితే, ఎఫ్ఏఏ అధిపతి లిన్ హెల్మ్స్ రెండింజన్లతో మహాసముద్రం మీద సుదూర ప్రయాణాలకు ససేమిరా అన్నారని విమానయాన రంగంలో నేటికీ చెప్పుకుంటారు. ఆయన మొండితనాన్ని నేను తప్పుపట్టను. ఆ మొండితనమే లేకుంటే తర్వాత వచ్చిన నిబంధనలు అంత కఠినంగా ఉండేవి కావేమో.

1985లో తలుపు తెరుచుకుంది. ఆ ఏడాది అమెరికా విమాన సంస్థ టీడబ్ల్యూఏ 767లు అట్లాంటిక్ దాటాయి. పరిమితి త్వరలోనే 120 నిమిషాలకూ, 1988లో 180 నిమిషాలకూ పెరిగింది. ఈ నిబంధనల పేరే ఈటాప్స్ (ETOPS), రెండింజన్ల విమానాల సుదూర ప్రయాణ ప్రమాణాలు అనే ఇంగ్లిష్ మాటల పొడి అక్షరాలు. 'ఇంజన్లన్నా తిరగాలి, ప్రయాణికులన్నా ఈదాలి' అని పైలట్లు ఆ అక్షరాలకు చెప్పుకున్న వేళాకోళపు అర్థమే బయట ఎక్కువ ప్రచారమైంది. కాగితం మీద ఉన్నది వేరు. ఇంజన్ రకానికి చరిత్ర చూపించాలి. 120 నిమిషాలకైతే ప్రతి వెయ్యి ఇంజన్ గంటలకు గాలిలో ఆగినవి 0.05కు మించకూడదు, 180కైతే 0.02. అంటే ఒక ఇంజన్ దాదాపు 50,000 గంటలు, రాత్రీపగలూ తిప్పితే అయిదేళ్లకు పైగా, ఒక్కసారి మాత్రమే ఆగాలి. విమానం రకానికే కాదు, నడిపే సంస్థకూ విడిగా అనుమతి కావాలి. రికార్డు చెడితే ఆ అనుమతిని వెనక్కి తీసుకోవచ్చు.

అన్నిటికంటే ముఖ్యమైన నియమం బయటివారికి తెలియనిది. ఒకే మెకానిక్ ఒకే విడతలో రెండు ఇంజన్లకూ ఒకే పని చేయకూడదు. తప్పనిసరైతే మరొకరు విడిగా తనిఖీ చేయాలి. మయామీ రబ్బరు రింగుకు ఇదీ జవాబు. కార్గో అరలో మంటలు పుడితే అణిచే ఏర్పాటు మళ్లింపు సమయానికి, అంటే దారి మళ్లి విమానాశ్రయం చేరడానికి పట్టే సమయానికి, ఇంకో 15 నిమిషాలు ఎక్కువే పనిచేయాలి అన్నది మరొకటి. నాలుగింజన్ల విమానాలకు అప్పట్లో ఇలాంటి షరతు లేదు. 1987 నవంబరులో సౌత్ ఆఫ్రికన్ ఎయిర్‌వేస్ 747 సరుకులో మంటలు లేచి మారిషస్ దగ్గర సముద్రంలో కూలింది. 159 మంది మరణించారు. నాలుగు ఇంజన్లు ఉండడం ఆ మంటను ఆర్పలేకపోయింది.

డబ్బు పాత్రను దాచనక్కర్లేదు. టేకాఫ్‌లో ఒక ఇంజన్ ఆగినా పైకి లేవగలగాలి కాబట్టి, రెండింజన్ల విమానానికి ఒక్కో ఇంజన్ విడిగా ఆ భారం మోసేంత బలంగా ఉండాలి. నాలుగింజన్ల దానికి ఒకటి పోతే పోయేది పావు వంతు బలమే. అయినా నాలుగు ఇంజన్ల మరమ్మతు, విడిభాగాలు, ఇంధనం విమానయాన సంస్థలకు మోయలేని బరువయ్యాయి. 1995 జూన్‌లో యునైటెడ్ 777 లండన్ నుంచి వాషింగ్టన్‌కు మొదటి ప్రయాణం చేసేనాటికే దాని చేతిలో 180 నిమిషాల అనుమతి ఉంది. ఇంత తొందర తగునా అని అప్పట్లో అడిగినవారి ప్రశ్నలో న్యాయముంది. అనుభవంతో సంపాదించుకోవాల్సినదాన్ని ముందస్తు పరీక్షలతో సంపాదించారు.

ఇక అవతలి పక్షం. ఎయిర్‌బస్ తన నాలుగింజన్ల ఏ340ని అమ్ముకోవడానికి ఇదే భయాన్ని ప్రచారంలో వాడుకుంది. వర్జిన్ అట్లాంటిక్ తన ఏ340ల మీద 'సుదూర ప్రయాణానికి నాలుగు ఇంజన్లు' అన్న భావాన్ని పెద్ద అక్షరాలతో రాయించుకుంది. అదే రెక్కతో అదే ఎయిర్‌బస్ రెండింజన్ల ఏ330ని కూడా అమ్మింది. నాలుగింజన్ల వారి వాదనలో బలమైన అంశం ఒకటుంది. ఒక ఇంజన్ పోయినా వెంటనే దిగక్కర్లేదు. 2005 ఫిబ్రవరిలో లాస్ ఏంజలిస్‌లో లేచిన వెంటనే ఒక ఇంజన్ పోయిన బ్రిటిష్ ఎయిర్‌వేస్ 747 మిగిలిన మూడింటితో అట్లాంటిక్ దాటేసింది. చివరికి ఇంధనం చాలదేమోనన్న అనుమానంతో లండన్‌కు బదులు మాంచెస్టర్‌లో దిగింది. అమెరికా అధికారులు దాన్ని తప్పుపట్టారు.

రెండింజన్ల వారికి ఎదురుదెబ్బ తగలకపోలేదు. 2001 ఆగస్టు 24న ఎయిర్ ట్రాన్సాట్ ఏ330 అట్లాంటిక్ మీద ఇంధనమంతా కారిపోయి, 306 మందితో 19 నిమిషాలు ఇంజన్లు లేకుండా జారి అజోర్స్ దీవుల్లో దిగింది. మూలం ఇక్కడా మరమ్మతే. కుడి ఇంజన్‌కు సరిపోలని భాగం బిగించారు, గొట్టాలు రాసుకుని ఇంధనపు గొట్టానికి చిల్లు పడింది. లీకు అని గుర్తించకముందే పైలట్లు రెండో వైపు ఇంధనాన్నీ అటే మళ్లించారు. ఇంకో రెండు ఇంజన్లుంటే ఏమయ్యేదో ఎవరూ రుజువు చేయలేరు. ఆ భాగం సరిపోతుందో లేదో రెండో మనిషి చూసి ఉంటే మాత్రం ఆ రాత్రి లేకపోయేది.

వివాదానికి తెరదించింది 2007 నాటి ఎఫ్ఏఏ నిబంధన అని నా అభిప్రాయం. 180 నిమిషాలకు మించిన దూరాల్లో ఎగిరే మూడు, నాలుగింజన్ల ప్రయాణికుల విమానాలకు కూడా మంటల రక్షణ, మళ్లింపు ప్రణాళిక వంటివి తప్పనిసరి చేశారు. రెండింజన్ల వారికోసం పుట్టిన క్రమశిక్షణను నాలుగింజన్ల వారూ నేర్చుకోవాల్సి వచ్చింది. ఆపై జరిగింది అందరికీ తెలుసు. ఏ340 తయారీ 377 విమానాలు అందించాక, నాలుగింజన్ల ఏ380 తయారీ 251 అందించాక ఆగిపోయాయి. 2023 జనవరి 31న చివరి 747 చేతులు మారింది. ఎయిర్‌బస్ కొత్త ఏ350 రెండే ఇంజన్లతో 370 నిమిషాల వరకు అనుమతి పొందింది. నాలుగింజన్లు తిరిగి రావాలని ఇప్పుడు కోరేవారికి కొనడానికి కొత్త ప్రయాణికుల విమానమే లేదు.

కాబట్టి మన దేశంలో అడగాల్సిన ప్రశ్న వేరు. ఆ క్రమశిక్షణను ఇక్కడ ఎవరు, ఎంత గట్టిగా కాపలా కాస్తున్నారు? అహ్మదాబాద్ తర్వాత మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ 787ల మీద అదనపు తనిఖీలకు ఆదేశించింది, ఇంధన స్విచ్‌ల లాకింగ్ ఏర్పాటును పరీక్షించమంది. అవసరమే. కానీ ఈటాప్స్ ఇచ్చిన పాఠం ఒక్కసారి చేసే తనిఖీ గురించి కాదు, ప్రతి రాత్రి హ్యాంగర్‌లో ఎవరు ఏ ఇంజన్‌ను ముట్టుకున్నారన్న దాని గురించి. ఏ సంస్థ ఇంజన్లు గాలిలో ఎన్నిసార్లు ఆగాయన్న లెక్క టికెట్ కొనేవాడికి కనబడాలి.

2021 జనవరిలో హైదరాబాద్ నుంచి షికాగోకు ఎయిర్ ఇండియా 777 ఆగకుండా ఎగిరినప్పుడు మన దగ్గర పండగ చేసుకున్నాం. ఇంజన్‌కు ఇబ్బంది వస్తే అలాంటి విమానం ఎక్కడ దిగుతుందో 2023 జూన్ 6న తెలిసింది. ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్తున్న 777 ఒక ఇంజన్‌లో ఆయిల్ ఒత్తిడి సమస్యతో రష్యా తూర్పు కొసన మాగడాన్‌లో దిగింది. అందులో 216 మంది ప్రయాణికులు, 16 మంది సిబ్బంది. ఇంజన్ల లెక్క ప్రకారం అంతా సవ్యంగానే జరిగింది. అక్కడి నుంచి మొదలైంది అసలు అవస్థ. వసతి చాలక తాత్కాలిక ఏర్పాట్లలో పడుకోవాల్సి వచ్చింది, భాష రాదు, ఆంక్షల మధ్య ఉన్న దేశం. ముంబై నుంచి మరో విమానం వెళ్లి తీసుకెళ్తే జూన్ 8న గానీ గమ్యం చేరలేదు. మరుసటి ఏడాది జూలైలో అదే దారిలో ఇంకో విమానం, ఈసారి కార్గో అరలో సమస్య సూచన వచ్చి, 225 మంది ప్రయాణికులతో రష్యాలోనే క్రాస్నోయార్స్క్‌లో దిగింది. ఆ రోజు ఇంజన్లు రెండూ బాగానే ఉన్నాయి. ధ్రువ ప్రాంతాల మీదుగా ఎగిరే సంస్థ, దారి మళ్లి దిగినవారిని ఎక్కడ ఉంచాలో, ఎలా వెనక్కి తేవాలో ముందే రాసిపెట్టుకోవాలని 2007 అమెరికా నిబంధనలో ఉంది. మాగడాన్‌కు అలాంటి కాగితం ఏదైనా సిద్ధంగా ఉందా అని అప్పుడే గట్టిగా అడిగి ఉండాల్సింది.